నేనే వస్తాను, అబ్బాయి తోలుతాడు

మూడేళ్ల పిల్ల పేరు మీద కారు వుందంటే మీరు నవ్వుతారు. ఏ జమీందారుగారి మనవరాలో, ఏ సినిమాతార కూతురో అనుకుంటారు. బ్రిటన్‌లో అలాంటి పిల్లలు మామూలు ఇళ్లలోనే కనబడతారు. తండ్రి బస్సు తోలుకునేవాడు కావచ్చు, తల్లి బళ్లో పంతులమ్మ కావచ్చు. వాకిట్లో నిలబడ్డ కారు మాత్రం పిల్ల పేరున వచ్చింది. ఎందుకు వచ్చిందయ్యా అంటే, ఆ పిల్ల నడవలేదు గనక.

"మూడేళ్ల పిల్ల కారెలా తోలుతుందండీ?" అని మీరు అడగవచ్చు. తోలదు. తల్లో తండ్రో తోలుతారు. అక్కడ తోలేవారు వేరు, బండి ఎవరికోసం వచ్చిందో వారు వేరు. ఈ తేడా పైకి చాలా చిన్నదిగా కనిపిస్తుంది. అది ఒక ఇంట్లో ఎంత దూరం వెళుతుందో కళ్లారా చూశాను గనక ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

నేను రాజమండ్రిలో ముప్ఫై ఏళ్లపాటు పిల్లలకు తెలుగు చెప్పి విశ్రాంతి పుచ్చుకున్నదాన్ని. మా చెల్లెలు పెళ్లయిన కొత్తలోనే ఇంగ్లండు వెళ్లి లెస్టర్ పట్టణంలో స్థిరపడింది. పదేళ్లకు పూర్వం దానికి మల్టిపుల్ స్క్లీరోసిస్ అనే జబ్బు పట్టుకుంది. నరాలమీద వుండే పొరను మన ఒంట్లోని రక్షణశక్తే పాడు చేసే జబ్బు అది. మొదట కాళ్లు తడబడ్డాయి, తరవాత చేతికర్ర వచ్చింది, ఆ తరవాత చక్రాల కుర్చీ వచ్చింది. చేతుల్లో పట్టు సరిగా లేదు గనక కారు తోలడం కూడా మానుకోవలసి వచ్చింది. నేను వెళ్లి ఐదు నెలలు వాళ్లింట్లో వున్నాను. ఆ ఐదు నెలల్లో నాకు అన్నిటికంటె వింతగా తోచింది వాళ్ల వాకిట్లోని బూడిదరంగు కారు.

ఆ కారు మా మరిది కొన్నది కాదు. లీజుకు తీసుకున్నది. లీజు మా చెల్లెలి పేరున వుంది. దీని వెనక ఒక పెద్ద ఏర్పాటు వుంది. దాని పేరు మోటబిలిటీ.

నడక బాగా దెబ్బతిన్నవారికి ఆ దేశప్రభుత్వం వారానికి ఇంతని లెక్కకట్టి ఒక భత్యం ఇస్తుంది. దాన్లో రెండు తరగతులున్నాయి. పై తరగతి దక్కడానికి వున్న కొలతల్లో ఒకటి వింటే మనకు గుండె కలుక్కుమంటుంది: మనిషి లేచి నిలబడి ఇరవై మీటర్లకు మించి నడవలేకపోవాలి. అంటే మన ఇళ్లలో వీధరుగు దగ్గరనుంచి పెరట్లో నుయ్యి దాకా అనుకోండి. 2025-26 సంవత్సరానికి ఈ పై తరగతి భత్యం వారానికి 77.05 పౌన్లు. ఆ డబ్బు చేతికి తీసుకుని టాక్సీలకు ఖర్చు పెట్టుకోవచ్చు. లేదా ఆ డబ్బును మోటబిలిటీ వారికి కట్టేట్టు రాసిచ్చి, దానికి బదులు కారు తెచ్చుకోవచ్చు. మామూలు కారయితే మూడేళ్ల లీజు. భీమా, మరమ్మతులు, టైర్లు, దారిలో బండి ఆగిపోతే వచ్చి ఆదుకునే సహాయం, అన్నీ అందులోనే. రోడ్డు పన్ను లేదు. పెట్రోలు మాత్రం మనం పోయించుకోవాలి. ఖరీదైన కారు కావాలంటే ముందుగా కొంత సొమ్ము చేతినుంచి కట్టాలి.

ఇక తోలేవారి సంగతి. కారు తీసుకున్న మనిషి తోలలేకపోతే, తోలేవాళ్ల పేర్లు ముందుగా రాసి ఇవ్వాలి. మొగుడు, కొడుకు, అక్క, స్నేహితురాలు, ఎవరైనా ఫరవాలేదు. కాని వాళ్లు సాధారణంగా అయిదు మైళ్ల లోపున కాపురం వుండేవాళ్లయి వుండాలి. పాతికేళ్లు నిండని కుర్రవాడు తోలేట్టయితే జోరు ఎక్కువగా వుండే కార్లు ఇవ్వరు. మా చెల్లెలి కారుకు రెండు పేర్లున్నాయి. ఒకటి మా మరిదిది, రెండోది ఇరవైమూడేళ్ల మా అబ్బాయిది. చెల్లెలి కొడుకు నాకు మాత్రం కొడుకు కాదూ?

ఈ ఏర్పాటు ఆకాశంలోంచి ఊడిపడలేదు. దీని చరిత్ర వింటే, తోలలేనివాళ్ల మాట లోకానికి ఎంత ఆలస్యంగా వినపడిందో తెలుస్తుంది.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన కొత్తలో బెర్ట్ గ్రీవ్స్ అనే ఇంజనీరు, పక్షవాతంతో కాళ్లు పడిపోయిన డెరీ ప్రెస్టన్‌కాబ్ అనే తన బంధువుకోసం ఒక మోటారు బండి తయారు చేసి ఇచ్చాడు. వరసకు ఇద్దరూ సోదరులు. దాన్నుంచి ఇన్వాకార్ అనే మూడు చక్రాల బండి పుట్టింది. తరవాత ప్రభుత్వమే అలాంటి బళ్లను వికలాంగులకు ఉచితంగా ఇవ్వసాగింది. లేత నీలం రంగు బళ్లు. దేశంలో ఎక్కడ కనబడ్డా ఫలానావారి బండి అని చిన్నపిల్లలు కూడా పోల్చేసేవారట.

అన్నీ బాగానే వున్నాయి గాని, ఆ బండికి ఒకటే సీటు. కాళ్లు లేని తల్లి పక్కన బిడ్డను కూర్చోబెట్టుకోడానికి వీలు లేదు. భార్య నీలం బండిలో, భర్త బస్సులో, ఒకే పెళ్లికి రెండు దారుల్లో వెళ్లవలసి వచ్చేది. ఇంతకంటె పెద్ద లోపం మరొకటి వుంది. ఆ బండి తోలగలిగినవారికే ఇచ్చేవారు. చేతులు కూడా పోయినవారు, కళ్లు కనిపించనివారు, పసిపిల్లలు - అంటే సహాయం అందరికంటె ఎక్కువగా కావలసినవారు - ఇంట్లోనే కూర్చునేవారు. "నువ్వు తోలలేవు, కాబట్టి నీకు ప్రయాణం లేదు" అన్నట్టుండేది వ్యవహారం.

1974లో లేడీ షార్ప్ అనే ఆవిడ ఇచ్చిన నివేదిక ఈ మూడు చక్రాల బళ్లు మాని కార్లు ఇవ్వడం మేలని చెప్పింది. వికలాంగుల వ్యవహారాలకని బ్రిటన్‌లో మొట్టమొదటి మంత్రి అయిన ఆల్ఫ్ మోరిస్ కాలంలో, 1976లో, ప్రయాణభత్యం అమలులోకి వచ్చింది. తోలగలిగినా తోలలేకపోయినా నడవలేనివారికి భత్యం ఇచ్చారు. ఆ మరుసటి ఏడు, 1977లో, లార్డ్ గుడ్‌మన్, జెఫ్రీ స్టెర్లింగ్ అనే పెద్దలు పూనుకుని మోటబిలిటీ స్థాపించారు. భత్యానికి బదులు కారు ఇవ్వవచ్చుననే ఆలోచన వారిది. పాత నీలం బళ్లను 2003 మార్చి 31వ తేదీతో రోడ్లమీద తిరగకుండా నిలిపేశారు. మోటబిలిటీ కుటుంబాల లెక్క 2024 చివరికి ఎనిమిది లక్షలు దాటింది.

సరే, కారు వచ్చింది. ఇక అసలు చిక్కు చూడండి. ఇంట్లో ముగ్గురు మనుషులు, ఒక కారు. తాళంచెవి తోలేవాడి జేబులో వుంటుంది. కారు కావలసిన మనిషి చక్రాల కుర్చీలో వుంటుంది. అలాంటప్పుడు ఆ కారు ఎవరిది?

దీనికి ఒప్పందపత్రంలో జవాబు వుంది. బండిని ఆ వికలాంగుల మేలుకోసం వాడాలి. ఎప్పుడూ వాళ్లు బండిలో కూర్చునే వుండాలని లేదు. అబ్బాయి ఒక్కడే వెళ్లి అమ్మ మందులు తేవచ్చు, ఇంటికి బియ్యం బస్తా తేవచ్చు. కాని ఆ బండితో కిరాయిలు కొట్టకూడదు. సరుకులు బట్వాడా చేసి కూలి తీసుకోకూడదు. తోలేవాళ్లలో పేరు లేనివాళ్లు తాళంచెవి ముట్టుకోకూడదు.

ఈ నియమం నా కళ్లముందే ఒకసారి పరీక్షకు వచ్చింది. గుంటూరునుంచి చదువుకోడానికి వచ్చిన ఒక కుర్రవాడు మా వాళ్లింటికి రాకపోకలు చేస్తూండేవాడు. మంచివాడు, ఇబ్బందుల్లో వున్నవాడు. ఇంటి అద్దెకు కూడా తడుముకుంటున్నాడు. "ఆంటీ, వారానికి రెండు రాత్రులు మీ కారిస్తే హోటలు భోజనాలు ఇళ్లకు చేరవేసి నాలుగు డబ్బులు సంపాదించుకుంటాను. పెట్రోలు నేనే పోయించుకుంటాను" అన్నాడు. మా మరిది మెత్తని మనిషి, తటపటాయించాడు. మా చెల్లెలు మాత్రం, "బాబూ, నీకు రెండు నెలలు భోజనం మా ఇంట్లో పెడతాను. కారు మాత్రం ఇవ్వలేను. అది నా కాళ్లు. కాళ్లు ఎవరైనా అరువిస్తారా?" అంది. ఆ కుర్రవాడు సిగ్గుపడి దణ్ణం పెట్టాడు. రెండు నెలలూ నిజంగానే మా ఇంట్లో భోజనం చేశాడు కూడా.

ఇంకోరోజున వేరే రకం పరీక్ష. మా అబ్బాయి ఒక్కడూ కారులో వెళ్లి మందులషాపు ముందు ఆపుకుని లోపలికి వెళ్లి వచ్చేసరికి, అద్దం తుడిచే పుల్ల కింద ఒక చీటీ వుంది. ఆకాశరామన్న చీటీ. "ఈ బండి వికలాంగులది, నీది కాదు" అని ఇంగ్లీషులో పెద్ద పెద్ద అక్షరాలు. ఆ ఏడు ఆ దేశంలో పత్రికలన్నీ ఈ కార్లమీద వాదోపవాదాలతో నిండివున్నాయి. వికలాంగుల పేరు చెప్పి బంధువులు ఖరీదైన కార్లలో తిరుగుతున్నారని ఒక పక్షం, ఎవరో కొందరి తప్పుకు అందర్నీ అనుమానిస్తారా అని ఒక పక్షం. చివరికి 2025 నవంబరులో బి.ఎం.డబ్ల్యూ., మెర్సిడెస్‌లాంటి కార్లను ఆ జాబితాలోంచి తీసేశారు. ఆ వేడిలో ఎవరో పెట్టిన చీటీ అది.

అబ్బాయి ముఖం చిన్నబుచ్చుకుని ఇంటికి వచ్చాడు. "ఆ పూట అమ్మకు వేసే మాత్రలకోసమే వెళ్లాను దొడ్డమ్మా! నన్ను దొంగను చేశారు" అన్నాడు. నాకూ కోపం వచ్చింది. మా చెల్లెలు మాత్రం చీటీ అడిగి పుచ్చుకుని రెండుసార్లు చదివి నవ్వింది. "రాసినవాడు నిన్నెరగడు గాని, రాసిన ముక్క నిజమే కదురా. బండి నాదే" అని, చీటీని రెఫ్రిజిరేటరు తలుపుకి అంటించింది. నేను బయలుదేరి వచ్చేటప్పటికి కూడా అది అక్కడే వుంది.

పార్కింగు సంగతి కూడా చెప్పాలి. దానికి నీలం బిళ్ల అని వేరే వుంది. కారుతో సంబంధం లేదు, అది మనిషికి ఇచ్చే బిళ్ల. ఆ మనిషి ఏ కారులో ఎక్కితే ఆ కారులో ముందు అద్దం దగ్గర పెట్టుకోవచ్చు. ఇంగ్లండులో అది వుంటే రోడ్డువార పసుపు గీతలమీద, సామాను ఎక్కించడం, దించడం నిషేధించిన చోట్లు కాకపోతే, మూడు గంటలదాకా బండి ఆపుకోవచ్చు. కాని ఆ మనిషి ప్రయాణంలో లేకుండా బిళ్ల వాడుకుంటే జరిమానా వెయ్యి పౌన్లదాకా పడవచ్చు. అంచేత మా అబ్బాయి ఒంటరిగా వెళ్లినప్పుడు బిళ్ల ఇంట్లో వాళ్లమ్మ చేతిసంచీలో వుండేది. మందులషాపు దగ్గర అందరిలాగే డబ్బు కట్టి నిలుపుకున్నాడు.

ఈ నియమాలన్నీ కాగితంమీద వున్నవి. కాగితంమీద లేనిది ఒకటుంది. నాకు ముఖ్యంగా తోచింది అదే.

ఒకనాడు ఎవరింట్లోనో సత్యనారాయణ వ్రతం. ఆ ఇల్లాలు టెలిఫోను చేసి మా మరిదితో, "ఆవిణ్ణి ఎన్నింటికి తీసుకొస్తారండీ?" అని అడిగింది. పాపం ఆదరంగానే అడిగింది. ఆ మాట పక్కగదిలో వున్న మా చెల్లెలి చెవిని పడింది. టెలిఫోను ఇలా తెమ్మని తనే అందుకుని, "పదింటికి నేనే వస్తాను. అబ్బాయి తోలుతాడు" అంది.

ఎంత తేడా వుందో గమనించారా? "తీసుకురావడం" సామానుకు చెల్లుతుంది, పసిపిల్లలకు చెల్లుతుంది. యాభైరెండేళ్ల ఇల్లాలు, రేపటి వంట మొదలు కొడుకు పెళ్లి సంబంధాల దాకా అన్నీ తనే చూసుకునే మనిషి, కాళ్లు పడిపోయినంతమాత్రాన మూట కాదు గదా.

అయితే అది ఆ మాట అనగలిగే స్థితికి రావడానికి చాలా కాలం పట్టిందని తరవాత ఒక రాత్రి చెప్పింది. "కారొచ్చిన కొత్తలో నేను అడగడం మానేశాను అక్కయ్యా. ఆయన ఆఫీసునుంచి అలిసి వస్తారు. వీడికి స్నేహితులుంటారు. ఆస్పత్రికంటే అడుగుతాను, తప్పదు గనక. ఊరికే కాసేపు చెట్ల కింద కూర్చోవాలని వుంది, తీసుకెళ్లమంటే ఏం బాగుంటుంది? ఏడాదిపాటు ఆ కారులో ఆస్పత్రికి తప్ప మరెక్కడికీ వెళ్లలేదు. కారు నా పేరున, తిరుగుడంతా వాళ్లది" అంది.

నడవలేని మనిషిని ఇంట్లో ఎవరూ బంధించనక్కర్లేదు. ప్రతి ప్రయాణానికీ ఒక కారణం చెప్పవలసివస్తే చాలు, తనంత తనే ఆగిపోతుంది. మనం పాన్‌షాపు దాకా వెళ్లివస్తామంటే ఎందుకని ఎవరైనా అడుగుతారా?

తోలేవాళ్ల కష్టం లేదని నేననను. మా అబ్బాయి ఉద్యోగం చేసుకునే కుర్రవాడు. శనివారం పొద్దున్న స్నేహితులు ఆటకు పిలిస్తే అమ్మకు ఫిజియోథెరపీ వుండేది. మా మరిది రోజూ ఆఫీసుకు బస్సులోనే వెళ్లివస్తాడు. "వదినగారూ, విసుగు రాదని అబద్ధం చెప్పను. విసుగొచ్చినప్పుడు అది ఆవిడకు కనపడుతుందేమోనని భయం మాత్రం ఎక్కువ" అన్నాడొకసారి. ఈ మాటలో నిజం వుంది. తోలేవాళ్లు మొహం చిట్లించుకుంటే కూర్చున్నవాళ్లకు ముల్లు గుచ్చుకున్నట్టుంటుంది.

చివరికి ముగ్గురూ కూర్చుని ఒక ఒడంబడిక చేసుకున్నారు. గురువారం సాయంత్రం, ఆదివారం పొద్దున్న కారు అమ్మది. ఎక్కడికని గాని, ఎందుకని గాని అడగకూడదు. తోలేవాళ్లు వంతులవారీగా తోలాలి. శనివారాలు కూడా తండ్రీ కొడుకులు పంచుకున్నారు. మిగతా రోజుల్లో ఇంటి పనులకు కారు కావాలంటే ఎవరు తీసుకువెళుతున్నదీ అమ్మతో చెప్పి వెళ్లాలి. వినడానికి పిల్లల ఆటలా వుంది గాని, ఆ ఇంట్లో దాని ప్రభావం ఇంతా అంతా కాదు.

నేనున్న గురువారాల్లో మూడుసార్లు బెల్‌గ్రేవ్ రోడ్డుకు వెళ్లాం. గుజరాతీవారి చీరల కొట్లు, మిఠాయి కొట్లు బారులు తీరిన వీధి అది. రెండుసార్లు ఊరి వెలుపల బ్రాడ్‌గేట్ పార్కుకు వెళ్లాం. అక్కడ జింకలు తిరుగుతూంటాయి. 1553లో తొమ్మిదిరోజులు మాత్రమే ఇంగ్లండుకు రాణి అనిపించుకున్న లేడీ జేన్ గ్రే పుట్టింటి శిథిలాలు అక్కడున్నాయి. మా చెల్లెలు రాణిగారికోసం వెళ్లలేదు, జింకలకోసమూ వెళ్లలేదు. చక్రాల కుర్చీకి అనువుగా తారు బాట వుంది గనక వెళ్లింది. ఒక చెట్టు కింద గంటసేపు మాట్లాడకుండా కూర్చుంది. అబ్బాయి దూరంగా గడ్డిలో పడుకుని పుస్తకం చదువుకున్నాడు. వెళదామా అని ఒక్కసారి కూడా అడగలేదు.

ఆ కుటుంబానికి భయాలు లేకపోలేదు. భత్యాన్ని కొన్నేళ్లకొకసారి పునఃపరిశీలిస్తారు. పై తరగతినుంచి తగ్గిస్తే కారు వెనక్కి ఇచ్చేయాలి. ఆ ఉత్తరం వస్తుందనుకున్న నెలలో టపా చప్పుడైతే ఇంటిల్లిపాదీ గుమ్మంవైపు చూసేవారు. కారు కుటుంబానికి వచ్చిన ఆస్తి కాదు, ఒక మనిషి ప్రయాణంకోసం వచ్చింది. ఆ మనిషి పోయినా వెనక్కి పోతుంది. ఆ దేశంలో కూడా అందరికీ ఇది అందదు. పింఛను వయసు దాటాక కాళ్లు పడిపోయినవారికి కొత్తగా ఈ ప్రయాణభత్యం ఇవ్వరు. అంచేత అరవైలో ఆగిపోయిన మనిషికి కారు, డెబ్భైలో ఆగిపోయిన మనిషికి కిటికీ. ఇది నాకు అన్యాయంగానే తోచింది.

మనదేశం సంగతి ఆలోచిస్తే, మనకు 2016లో వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది. ఇరవైఒక్క రకాల వైకల్యాలను గుర్తించింది. 2020 అక్టోబరులో కేంద్రప్రభుత్వం బండి నమోదు కాగితంలో యజమాని వికలాంగుడని వివరంగా రాసుకునే ఏర్పాటు చేసింది. పక్కచక్రాలు తగిలించుకున్న స్కూటర్లమీద ధీమాగా ఉద్యోగాలకు వెళుతున్నవారిని మన ఊళ్లలో రోజూ చూస్తున్నాం. తోలలేనివారికి మాత్రం ఇంకా ఇంట్లోవాళ్ల దయే ఆధారం.

చట్టాలు వచ్చేటప్పుడు వస్తాయి. ఈలోగా కానీ ఖర్చు లేకుండా మనం చేయగలిగింది ఒకటుంది. ఇవాళ మధ్యతరగతి ఇళ్లలో చాలాచోట్ల కారుంది. చాలా ఇళ్లలో కాళ్లు సాగని ఒక తల్లో, తాతగారో, పోలియో వచ్చిన ఒక చెల్లెలో కూడా వున్నారు. వాళ్లను ఆస్పత్రికి తీసుకువెళతాం. పెళ్లికి తీసుకువెళతాం, అదీ ఫోటోలో లేకపోతే బాగుండదని. వారానికి ఒక పూట కారును వాళ్ల వశం చేసి, "ఎక్కడికి పోనివ్వమంటావు?" అని అడిగి చూడండి. మొదటిసారి "నాకేం పనుంది, వద్దులే" అంటారు. రెండోసారి కూడా అనవచ్చు. మూడోసారి అడగండి. గోదావరి గట్టుకనో, చిన్నప్పుడు చదువుకున్న బడి దాకా అనో, ఊరికే ఊరంతా ఒక చుట్టు అనో చెబుతారు. ఎందుకని అడక్కండి. బండి తీయండి.